చాచా ఎత్తి చూసిన తోక

కూరగాయల కొట్లో ఎలక్ట్రానిక్ కాంటా మీద ఖాళీ గిన్నె పెట్టి మీట నొక్కితే 'కీ' మని చిన్న చప్పుడు వస్తుంది. గిన్నె అక్కడే ఉంటుంది, అంకె మాత్రం సున్నా అవుతుంది. మొన్న నిజామాబాద్‌లో టమాటాలు కొంటుంటే ఆ చప్పుడుకు సంచీ కింద పెట్టేసి, అంకెకేసి చూస్తూ నిలబడిపోయాను. కాలేజీలో లెక్కలు చెప్పి బతికే మనిషిని, టమాటాల ముందు ఇలా నిలబడితే ఏం బాగుంటుంది చెప్పండి. కానీ అదే చప్పుడు ఒకప్పుడు మా అన్న ప్రాణం మీదికి వచ్చింది. ఆ రోజు అడ్డుపడిన మనిషి యూసుఫ్ చాచా.

చాచా పసుపు మార్కెట్లో కాంటాలు బాగుచేసేవాడు. మా బాపు నందిపేట నుంచి పసుపు తెచ్చే రోజుల నుంచీ ఆయన్ని ఎరుగుదుం. మా అన్న పైలట్. బోధన్ దారిలో చెరుకు తోటల పక్కన షెడ్డు అద్దెకు తీసుకుని, మూడేళ్లు తంటాలుపడి ఇద్దరు కూర్చునే బుల్లి విమానం కట్టాడు. ముందు రెండు చక్రాలు, తోక కింద ఒకటి. ఎగిరేముందు దాని బరువెంతో, ఆ బరువు ఏ చోట నిలుస్తుందో తేల్చాలి. బరువు మరీ తోకవైపు జరిగితే గాల్లో ముక్కు పైకి లేచిపోతుంది, ఇక దాన్ని దించడం ఎవరి తరమూ కాదు. ఆ లెక్క అన్న నాకు అప్పగించాడు. కాంటాల కోసం నేను చాచాను పిలిచాను.

వచ్చీ రాగానే షెడ్డు తలుపులన్నీ మూయించాడు. ఎండాకాలం, పైన రేకులు. నేను పంకా వేశాను.

"పంక బంద్ చెయ్యి బేటీ."

"ఉడికిపోతున్న చాచా!"

"నువ్వు ఉడికితె ఏం గాదు. రెక్కలకు గాలి తాకితె కాంటా అబద్ధమాడ్తది."

ఒకే ఇరవై కిలోల తూనికరాయిని మూడు కాంటాల మీదా పెట్టి, మూడూ ఒకే అంకె చెప్పేదాకా ఒప్పుకోలేదు. విమానం గాల్లో ఎలా ఉంటుందో అలా మట్టంగా నిలవాలి గనుక తోకను ఎత్తి ఇనుప స్టాండు మీద పెట్టాలి. ఆరు కిలోల స్టాండు. చాచా దాన్ని మూడో కాంటా మీద పెడుతున్నప్పుడు నేను తల వంచుకుని కాగితం మీద గళ్లు గీసుకుంటున్నాను. ఏదో చప్పుడైంది, పట్టించుకోలేదు. తోక ఎక్కించి, రసమట్టం చూసి, చాచా అంకెలు గట్టిగా చెప్పాడు. తోక దగ్గర ఇరవై రెండు. అందులోంచి స్టాండు ఆరూ తీసేసి పదహారు వేశాను. బరువు నిలిచే చోటు హద్దుల లోపలే పడింది. సంతకం పెట్టి, ఇంత శుభ్రమైన లెక్క నా జన్మలో చేయలేదని అన్న దగ్గర గొప్పలు కూడా పోయాను.

అనుమతి వచ్చాక ఒక ఉదయం అన్న మొదటిసారి ఎగరడానికి సిద్ధమయ్యాడు. చాచా ఇస్త్రీ లాల్చీ వేసుకుని చూడటానికి వచ్చాడు. విమానాన్ని బయటికి తిప్పడానికి అందరం తలో చెయ్యి వేశాం. చాచా తోక పట్టుకుని ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు.

"బేటీ, తోక ఎంతని రాసినవ్?"

"పదహారు చాచా."

"గాదు. గిది పదహారు గాదు."

నాకు ఒళ్లు మండింది. చేత్తో ఎత్తి చూసి నా లెక్కను కాదంటాడా? కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చూస్తూ వచ్చి, స్టాండు దగ్గర ఆగాడు.

"గిదెందుకు తీసినవ్ బిడ్డా? స్టాండు పెట్టంగనె నేను సిఫర్ కొట్టిన గద!"

మార్కెట్లో ఖాళీ సంచిని కాంటా మీద పెట్టి, సిఫర్ కొట్టి, అంటే సున్నా చేసి, అప్పుడు పసుపు పోస్తారు. చాచాది నలభై ఏళ్ల చేతి అలవాటు. స్టాండు బరువు తీసేయమని నా పుస్తకంలో ఉంది. ఆయనా తీశాడు, నేనూ తీశాను.

అక్కడే మట్టిలో కూర్చుని మళ్లీ లెక్క వేశాను. బరువు నిలిచే చోటు ఎనిమిది సెంటీమీటర్లు వెనక్కి పోయి హద్దు దాటేసింది. అన్న కాగితం చూశాడు. ఇంజన్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "ఎవల్ది తప్పు?" అన్నాడు.

"నాది," అన్నాడు చాచా, నేను నోరు తెరిచే లోపే. "మార్కెట్ల రైతు కండ్లు కాంటా మీదనె ఉంటయి, చెప్పే పనుండది. ఈడ బిడ్డ తల ఎత్తకుంట రాస్తుండె. సూస్తలేదని నాకు ఎరుకనె. అయినా చెప్పలే."

నాకు నిలువునా సిగ్గేసింది. సీటు వెనకున్న బ్యాటరీని ఇంజన్ పక్కకు మార్చి మళ్లీ తూచాం. ఈసారి చాచా "సిఫర్ కొడుతున్న!" అని అరిచాడు, "చూసిన చాచా!" అని నేనూ అరిచాను. పది రోజుల తర్వాత అన్న ఎగిరాడు, దిగాడు. చాచా పోయిన చలికాలంలో కాలం చేశాడు.

ఇప్పటికీ నమ్మలేని సంగతి ఒకటుంది. నా లెక్కలో తప్పు లేదు. కూడికలు సరే, గుణకారాలు సరే, పదిసార్లు చూసినా ఏమీ దొరికేది కాదు. అంతా సరిగ్గా ఉన్న కాగితంతో మా అన్నను చేతులారా చంపుకునేదాన్ని. ఇప్పుడు పిల్లలు ప్రాజెక్టు పనికి తూచిన అంకెలు పట్టుకొస్తే లెక్క తర్వాత చూస్తాను. "ఇది తూస్తున్నప్పుడు నువ్వు ఎటు చూస్తున్నావు?" అని ముందు అడుగుతాను. వాళ్లు వెనక నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ. ఇవాళ పొద్దున అన్న ఫోన్ చేసి, నేను తీసుకుపోయిన డ్రిల్లు మిషన్ ఇంకా తిరిగివ్వలేదని అరగంటసేపు తిట్టాడు. చివరిదాకా విన్నాను.