వియ్యంకుడి కాలు

గడియారాలు బాగుచేసే ఆయనకు యాభయ్యో ఏట నడుం పట్టేసింది. చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే కొట్లో, కంటికి అద్దం బిగించుకుని ముప్పై ఏళ్ళు వంగి కూర్చున్న నడుం అది. డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. నడుద్దామంటే కుక్కల భయం, ఈదుదామంటే నీళ్ళ భయం. చివరికి కొట్టు పై అంతస్తులో నేర్పుతున్న బ్రెజిలియన్ జియుజిట్సులో చేరాడు. మెట్లెక్కితే చాలు కదా అన్నది ఒక్కటే కారణం. అవతలివాణ్ణి నేలకి అదిమి, మెడో చెయ్యో మెలిపెట్టి, ఇక చాలని వాడు చేత్తో తట్టేదాకా వదలకపోవడమే ఆ ఆట. నెల తిరక్కముందే మానేస్తాడని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. రెండేళ్ళయినా మానలేదు.

నేల మీద ఆయన మొసలే. చీమ తలంత మరలతో వేగిన వేళ్ళకి, ఆటలో తొడుక్కునే కోటు అంచు దొరికిందంటే ఇక వదిలేది లేదు. చిక్కల్లా నేల మీదకి చేరడంలోనే ఉంది. నిలబడ్డ మనిషిని పడగొట్టడం ఆయనకు చేతకాదు. అందుకని ఆట మొదలవగానే తానే చతికిలబడి, రమ్మన్నట్టు కాళ్ళు ముందుకు చాచేవాడు. క్లాసులో కుర్రాళ్ళు మర్యాదస్థులు గనక వచ్చేవారు.

మొదటిసారి పోటీకి వెళ్ళినప్పుడు ఎదురైనవాడికి ఆ మర్యాద లేదు. ఈయన చతికిలబడితే వాడు రెండడుగుల దూరంలో నిలబడి చుట్టూ తిరిగాడు. ఈయన కూర్చున్నచోటు నుంచే దేక్కుంటూ వాడి వెంటపడ్డాడు. ఐదు నిమిషాలూ అదే తంతు. రిఫరీ వాడి చెయ్యి పైకెత్తాడు. చూడటానికి వచ్చిన భార్య దారి పొడుగునా నోరు మెదపలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక మాత్రం, మనమ్మాయి ఎనిమిదో నెలలో అచ్చం ఇలాగే దేకేది అని ఒక్క ముక్క అని లోపలికి పోయింది.

కొడుకు వయసున్న జియుజిట్సు మాస్టారు, కుస్తీవాళ్ళ దగ్గర కనీసం ఒక్క పట్టు నేర్చుకు రమ్మని సలహా ఇచ్చాడు. పడగొట్టడమే వాళ్ళ బతుకట.

కుస్తీ తెలిసినవాడు ఆయనకు ఒక్కడే తెలుసు. ఆ ఒక్కడూ స్వయానా వియ్యంకుడు.

కూతురి మామగారు పరుపుల వ్యాపారి. వయసులో ఉండగా పన్నెండేళ్ళు కుస్తీ పట్టినవాడు. నలిగి ముడుచుకుపోయి గట్టిపడ్డ చెవులే అందుకు సాక్ష్యం. సంబంధం కలిసిన ఈ నాలుగేళ్ళలో వియ్యంకులిద్దరూ ఒకరి ఆరోగ్యం ఒకరు కనుక్కున్నారు, ఎండల గురించి విచారించారు, ఉన్న ఒక్క కుర్చీలో మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని ఇద్దరూ నిలబడే ఉన్నారు. అంతకు మించి చనువు లేదు.

సంగతి విని భార్య కూర కిందికి దించేసింది.

"పిల్ల పెళ్ళికి కూడా మనం ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఇప్పుడెళ్ళి వియ్యంకుడి కాళ్ళు పట్టుకుంటారా?"

"ఒక కాలే," అన్నాడాయన.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి, నసిగి నసిగి విషయం బయటపెట్టాడు. పరుపులాయన అంతా విని లేచాడు. కొట్టు తలుపు సగం దించి, వెనక గదిలో దూది మూటలు గోడవారకు తోసి, గట్టి ఫోము పలకలు నాలుగు నేలమీద పరిచాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. అంతవరకూ వంగి వంగి దండాలు పెట్టే మనిషి ఒక్కసారిగా ఏడాది దూడలా ఎగిరి రెండు గంతులేసేసరికి ఈయన రెండడుగులు వెనక్కేశాడు.

పాఠం ఒంటికాలి పట్టుతో మొదలైంది. నడుం వంచకూడదు, మోకాళ్ళు వంచాలి. ఒక్క ఊపున ముందుకు జరిగి, అవతలివాడి మోకాలి వెనక రెండు చేతులూ ముడెయ్యాలి. చెవి వాడి గుండెకి ఆనాలి, వాడి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో వినపడాలి. ఆ తర్వాత కాలు పైకెత్తి, పక్కకి తిరిగి, భుజంతో తొడను కిందికి నొక్కితే మనిషి తనంతట తనే కూలతాడు.

వినడానికి సులువే. కానీ ఈయన ప్రతిసారీ దూకే ముందు "క్షమించాలి బావగారూ" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేసరికి కాలు అక్కడ ఉండేది కాదు.

"మీరు కబురు చేసి వస్తున్నారు," అన్నాడు పరుపులాయన. "కబురు చేసి వస్తే ఏ కాలూ ఇంట్లో ఉండదు బావగారూ."

రెండో జబ్బు ఇంకా ముదిరింది. అలవాటు కొద్దీ తల దించేవాడు. దించిన తలని పరుపులాయన చంకలో ఇరికించుకుని మెడ నొక్కేవాడు. తల ఎత్తండి, ఇక్కడ బాగుచెయ్యడానికి గడియారమేం లేదు అని ప్రతి ఆదివారం ఇరవైసార్లు చెప్పేవాడు. ఈయన ఇంట్లో గుమ్మాలన్నిటితోనూ సాధన చేశాడు. వంటింటి గుమ్మానికి చెవి ఆనించి, ద్వారబంధాన్ని కౌగిలించుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసి భార్య వేరే దారి లేక పెరటి వైపు నుంచి వచ్చిపోయేది.

ఏడో ఆదివారం ఆ పని జరిగిపోయింది. క్షమాపణ నోటిదాకా వచ్చింది గాని, కాళ్ళు అంతకు ముందే కదిలాయి. చెవి గుండెకు తగిలింది, చేతులు ముడిపడ్డాయి, తొంభై కిలోల వియ్యంకుడు ధబ్బుమని పడ్డాడు. పడ్డవాడు కుస్తీ అలవాటు కొద్దీ వీపు నేలకి తగలకుండా బోర్లా తిరిగాడు. ఈయన జియుజిట్సు అలవాటు కొద్దీ ఆ వీపెక్కి, రెండు కాళ్ళూ మెలేసి, మెడచుట్టూ చెయ్యి పోనిచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఈయన కూతురు మామగారికి క్యారేజీ పట్టుకుని సగం దించిన తలుపు కిందనుంచి దూరి వచ్చింది. ఈ పాఠాల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నాన్నా," అంది మెల్లగా, "మామయ్యగారి మీంచి లే."

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. ఒకరికి ఊపిరాడక మాట రాలేదు, ఇంకొకరికి సిగ్గుతో రాలేదు. ఆమె అప్పటికే బయటికెళ్ళి తల్లికీ అత్తగారికీ ఫోన్లు చేసేసింది. అరగంటలో ఇద్దరు వియ్యపురాళ్ళూ చెరో ఆటోలో దిగారు. ఏ మాట ఎక్కడ తేడా వచ్చిందో, ఎవరు ఎవరికి సర్దిచెప్పాలో తెలియక ఒకరి చేతులొకరు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. పరుపులాయన ఫోము మీద కూర్చుని, మెడ రుద్దుకుంటూ, నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ముప్పై ఏళ్ళయింది నన్నెవరైనా పడేసి," అన్నాడు చివరికి. "ఏడవకండి వదినగారూ. నాకు హాయిగా ఉంది."

తర్వాతి పోటీకి కుటుంబాలు రెండూ కదిలాయి. అంచున నిలబడి పరుపులాయన పెట్టిన కేకకి హాలంతా తిరిగి చూసింది: "కాలు పట్టుకోండి బావగారూ, మొహమాటపడకండి!" ఈయన మొహమాటపడలేదు. ఎదుటివాడు లెక్కల మాస్టారట, ఏం జరిగిందో తెలిసేలోపే వెల్లకిలా పడ్డాడు. మూడు నిమిషాల్లో చేత్తో తట్టాడు. రెండో ఆటలో మాత్రం గంట మోగగానే అవతలివాడు తనే చతికిలబడి, రమ్మని కాళ్ళు చాచాడు. నిలబడ్డ కాలు కోసం ఏడు వారాలు చెమటోడ్చిన మనిషికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. వంగి చూశాడు, బోల్తా పడ్డాడు, ఓడిపోయాడు. భార్య మాత్రం ఈసారి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది, అదీ మొదటి ఆట గురించే.

సోమవారం సాయంత్రం పరుపులాయన వయసు అడ్డమా అని కనుక్కుని మరీ జియుజిట్సు క్లాసులో చేరాడు. ఆయన్ని పడగొట్టడం ఎవరి తరమూ కాలేదు. వెల్లకిలా పడుకోబెట్టడం అంతకన్నా కాలేదు. వీపు నేలకి తగిలితే తమ ఆటలో చచ్చినట్టేనని బోర్లా తిరిగేవాడు. అలా తిరిగినప్పుడే, ఆయనలో సగం బరువున్న ఒక నర్సమ్మాయి వీపెక్కి మెడ పట్టేసింది. తట్టడం ఆయనకు నామోషీగా తోచింది. చెవులతో సహా మొహం కందిపోతోంది. గడియారాలాయన పక్కన మోకాళ్ళ మీద కూలబడి, తట్టండి బావగారూ, పరువేం పోదు అని బతిమాలాడు.

ఆఖరికి తట్టాడు. లేచి కూర్చుని, కాసేపు రొప్పి, ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"మళ్ళీ పట్టమ్మా," అన్నాడు. "ఈసారి మెల్లగా. చెయ్యి ఎటు నుంచి వచ్చిందో చూడలేదు."