గాజు గొట్టాన్ని నమ్మని మనిషి

గత వారం మా అపార్ట్‌మెంట్ల కింద ఉన్న నీళ్ల పంపుల గది తలుపు తీయగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. వేడెక్కిన సర్క్యూట్ బోర్డు వాసన. కాలిన వాసన కాదది, కాలడానికి కాస్త ముందు వచ్చేది. దుమ్ము, వార్నిషు, ఎక్కడో కొంచెం తీపి, అన్నీ కలిసి ముక్కు లోపల అతుక్కుపోతాయి. నాతో వచ్చిన మెకానిక్ అప్పుడే స్క్రూడ్రైవర్ బయటికి తీశాడు. ఆగమని, ముందు గోడకు అరచెయ్యి ఆనించి, వేడి ఎటు నుంచి వస్తోందో చూస్తూ కాసేపు నిలబడ్డాను. అలా నిలబడటం నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. చదివిన పుస్తకాల గురించి గొప్పలు చెప్పుకునే మనిషిని కాబట్టి ఈ మాట ఒప్పుకోవడం నాకు అంత తేలిక కాదు. నేర్పింది మా పక్కింటి దానియేలు పెదనాన్న.

పెదనాన్న అంటున్నానే కానీ ఆయనకూ మాకూ రక్తసంబంధం లేదు. ఆయనా మా నాన్నా ఇక్కడ మలేషియాలోనే, బటాంగ్ బెర్జుంటై ఊరి దగ్గర ఒకే రబ్బరు తోటలో, ఒకే వరుస ఇళ్లలో పుట్టారు. రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ వేసినప్పుడు నాన్న గెలలు కోసే పనిలోకి వెళ్లాడు, ఆయన మిల్లులోకి వెళ్లాడు. మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా బాయిలర్ దగ్గరే ఉన్నాడు. తర్వాత రెండు కుటుంబాలూ క్లాంగ్ పట్నం వైపు వచ్చి పక్కపక్క ఇళ్లలో చేరాయి. మధ్యలో ఒకటే గోడ. బాయిలర్ మోత ఆయన వినికిడిలో సగం తినేసింది. అందుకని ఆయన ఏం మాట్లాడినా అరిచినట్టే ఉండేది. చర్చిలో మెల్లగా ప్రార్థన చేస్తున్నాననుకుని ఆయన దేవుడికి చెప్పుకున్న కష్టాలన్నీ మా వరుసలో అందరికీ తెలుసు.

నేను పదిహేనేళ్లకే బడి మానేసి చేతి తొడుగుల ఫ్యాక్టరీలో చేరాను. చదువు పోయిందన్న కసి మాత్రం పోలేదు. ప్రతి శనివారం ఊరి లైబ్రరీకి వెళ్లేదాన్ని. ఒక కార్డుకి నాలుగు పుస్తకాలు ఇచ్చేవారు. అమ్మ పేరున కూడా కార్డు తీసుకుని ఎనిమిది తెచ్చేదాన్ని. కరెంటు, నీటి గొట్టాలు, గుండె జబ్బులు, తేనెటీగలు, ఏది దొరికితే అది. తెలుగు అక్షరాలు కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చర్చి పాటల పుస్తకం ముందు పెట్టుకుని నేనే కూడబలుక్కున్నాను. పెదనాన్న నాకు పెట్టిన పేరే లైబ్రరీ. గేటు దగ్గర కనబడితే చాలు, వీధంతా వినబడేలా అడిగేవాడు.

“ఏటి లైబ్రరీ, ఈ వారం ఏటి సదివినావు?”

వెక్కిరింపు అనుకునేదాన్ని మొదట్లో. కానీ జవాబు చెబితే నిలబడి మొత్తం వినేవాడు. తేనెటీగలు తమ గూటిని రెక్కలతో విసిరి చల్లబరుస్తాయని చెప్పినప్పుడు, “ఆటికున్న బుద్ధి మా మేనేజరుకి లేకపోయింది లా!” అని, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి, ఎంతసేపు నవ్వాడో.

నాన్న పోయిన రెండేళ్లకు అమ్మకు పక్షవాతం వచ్చింది. మెల్లగా నడక తిరిగి వచ్చింది కానీ ఎడమ చేతికీ కాలికీ వేడీ చలీ తెలియడం తిరిగి రాలేదు. చన్నీళ్లు పడితే కండరాలు బిగుసుకుపోతాయని, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి ఆ తర్వాతే వ్యాయామం చేయించమని ఆసుపత్రిలో చెప్పారు. ఇంట్లో నీళ్ల బాయిలర్ పెట్టించాను. ట్యాంకూ, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా రెండింటినీ స్నానాల గది పైన, సీలింగుకీ ఇంటి కప్పుకీ మధ్య బిగించి వెళ్లారు. గోడకు పిడి పెట్టించాను, కుర్చీ వేశాను. అమ్మ అడిగింది ఒక్కటే. “అన్నం నువ్వే కలిపి పెడతన్నావు, జడ నువ్వే వేస్తన్నావు. తానం ఒక్కటీ నన్ను సేసుకోనీయమ్మా.” నేను పని నుంచి వచ్చాక, సాయంత్రం అయిదున్నరకు లోపలికి వెళ్లి తలుపు వేసుకునేది. ఆ ఇరవై నిమిషాలే ఆమెకు తన సొంతం.

నెల తిరగకుండా బాయిలర్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ట్యాంకులో మిగిలిన వెచ్చదనం అయిపోగానే చన్నీళ్లు పడేవి. మొదటిసారి అమ్మ కాలు బిగుసుకుని గోడ మీద పడింది. భుజం కమిలిపోయింది. ఆ రోజు నుంచి నేను లోపలే నిలబడ్డాను. స్నానం అయ్యేదాకా అమ్మ ముఖం గోడ వైపు తిప్పుకునేది. నా వైపు ఉన్న ఆమె వీపును చూస్తూ ఎలాగైనా దీన్ని బాగు చేస్తానని పంతం పట్టాను.

యంత్రంతో వచ్చిన పుస్తకంలో లోపాల పట్టిక ఉంది. కింద స్విచ్ పక్కన ఉన్న ఎర్ర దీపం మూడుసార్లు వెలిగి ఆరితే అధిక వేడి అని అందులో రాసి ఉంది. నీళ్లు మరీ వేడెక్కుతున్నాయనుకుని వేడి తగ్గించి పెట్టాను, థర్మోస్టాట్ కొత్తది తెచ్చి మార్చాను. అయినా ఆగింది. నీళ్లు సరిగా వేడి కూడా కాకముందే ఆగింది. అప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చిన మరో పుస్తకంలో, వేడి మితిమీరితే కరెంటు ఆపే భాగం ఎలా ఉంటుందో, దాన్ని తప్పించి తీగ ఎలా కలపవచ్చో బొమ్మతో సహా దొరికింది. ఒక శనివారం మెయిన్ స్విచ్ ఆపేసి నిచ్చెన ఎక్కాను. రెండు కొసలూ చెక్కిన తీగ ముక్క నా చేతిలో ఉంది. మేం పంపిన చేపల కూర గిన్నె తిరిగి ఇవ్వడానికి పెదనాన్న అప్పుడే లోపలికి వచ్చాడు.

“ఏటే లైబ్రరీ, సీలింగెక్కినావు?”

“ఊరికూరికే ఆగిపోతంది పెదనాన్నా. ఆపేదాన్ని తప్పించేత్తే సరి. బుక్కులో ఉంది లా.”

“దేన్ని?”

“వేడెక్కితే ఆపేదాన్ని.”

“దిగు.”

“రెండు నిమిషాలు...”

“దిగమన్నాను.”

ఎప్పుడూ అరిచే మనిషి ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. అందుకే భయం వేసి దిగాను. గిన్నె బల్ల మీద పెట్టి నా చేతిలో తీగ ముక్క తీసుకున్నాడు.

“మీ అమ్మకి ఎడం సెయ్యి కాలితే తెలస్తదా?”

“తెలీదు.”

“కాలు?”

“తెలీదు.”

“మరి నీళ్లు మరిగిపోతే ఆవిడికి ఎవులు సెప్తారు? ఆ డబ్బాలో ఉన్నోడు ఒక్కడే సెప్తాడు. నువ్వు ఆడి నోరు కుట్టేస్తన్నావు.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, తనూ ఒకసారి అలాగే నోరు కుట్టానని చెప్పాడు. బాయిలర్లో నీళ్లు తగ్గితే కూసే ఈల ఒకటి ఉండేది. అది అప్పుడప్పుడు ఉత్తుత్తినే కూసేది. కుర్రతనం, చిరాకు. దాంట్లో గుడ్డ కుక్కేశాడు. ఒక రోజు నీళ్లు నిజంగానే తగ్గాయి. లోపలి గొట్టాలు ఎర్రగా కాలి పగిలి, ముందున్న ఇటుక గోడ కూలిపోయింది. “అంతా టీకి పోయినారు. దేవుడూ టీనూ కలిసి బతికించినారు” అన్నాడు. ఎవరు చేశారని మేనేజరు అడిగితే ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఏడాది పాటు బూడిద ఎత్తే పనికి వేశారు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో సాకు లేదు, తనను తాను తిట్టుకోవడమూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తన తప్పును అలా నిటారుగా పట్టుకుని చూపించగలిగిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.

తర్వాత మిల్లులో షిఫ్టు మారేటప్పటి పద్ధతి చెప్పాడు. బాయిలర్ పక్కన ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అందులో కనబడుతుంది. కొత్తగా డ్యూటీకి వచ్చినవాడు దాన్ని చూసి సరే అనకూడదు. కింద కొళాయి తిప్పి గొట్టం ఖాళీ చేసి, మళ్లీ మూసి, నీళ్లు మునుపటి గీత దాకా లేస్తున్నాయో లేదో తన కళ్లతో చూడాలి. గొట్టం మూసుకుపోయి ఉంటే నిన్నటి నీళ్లే ఇవాళ కూడా కనబడుతూ ఉంటాయి. పాతవాడు అప్పటిదాకా ఇంటికి పోకూడదు.

“సెప్పినోడి మాట ఇను. ఇన్నాక, ఆడు బాగున్నాడా లేదా సూడు” అని ఎర్ర దీపం వైపు వేలు చూపించాడు. “వేడి అంతన్నాడు కదా. ఎక్కడ వేడి? నీళ్లలోనా? ఆడి బుర్రలోనా?”

అది తనకూ తెలియదన్నాడు. పాత క్యాలెండరు కాగితం వెనక గీతలు కొట్టించి, ఏ రోజు ఏ గంటకు ఆగిందో, అప్పుడు నీళ్లు ఎలా ఉన్నాయో, బయట ఎండా వానా, అన్నీ రాయమన్నాడు. పగలు నేను ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఆయనే వచ్చి దీపం చూసి సున్నాలూ అడ్డగీతలూ పెట్టేవాడు. పది రోజుల తర్వాత ఇద్దరం కాగితం ముందు కూర్చున్నాం. పొద్దున ఒక్కసారి కూడా ఆగలేదు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆగింది. ఆయన వేలు మూడు రోజుల మీద నిలిచింది.

“ఈ మూడు దినాలూ ఆగనేదు. ఏటి ఇసేసం?”

“వాన పడింది,” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు అర్థమైంది. రోజూ అయిదున్నరకు ఎన్నిసార్లో సీలింగు వైపు చూశాను కానీ ఆ పైన ఇంటి కప్పు ఎండలో రోజంతా కాగుతుందన్న సంగతి ఒక్కసారీ ఆలోచించలేదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం సీలింగు మూత తీసి చెయ్యి లోపల పెట్టాను. పొయ్యి మీద మూత తీసినట్టు గాలి ముఖానికి కొట్టింది. అక్కడే, ఆ డబ్బా దగ్గర, ఆ తియ్యటి వార్నిషు వాసన. మూత తెరిచే ఉంచి కింద నుంచి పెద్ద ఫ్యాను పెట్టాం. ఆ సాయంత్రం బాయిలర్ ఆగలేదు. నేను ఎగిరి గంతేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“రేపు ఫేను తీసేసి సూడాల. ఆగితేనే మన మాట నిజం.”

ఫ్యాను తీసేశాం. ఆగింది. యంత్రం పాడైనందుకు అంత ఆనందపడ్డ మనుషులు క్లాంగ్‌లో మేమిద్దరమే అయి ఉంటాం.

అప్పుడాయన యంత్రంతో వచ్చిన పుస్తకం తెమ్మని, మొదటి నుంచి చదివి చెప్పమన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. బాయిలర్ నడిపే లైసెన్సు పరీక్షకు కూడా ఆయన భార్య, మా పెద్దమ్మ, వాక్యం వాక్యం చదివి మలయ్‌లో చెబితే బట్టీ పట్టి, ఆఫీసరు ముందు నోటితో చెప్పి గెలిచినవాడు. నేను విసుగ్గా చదువుతూ పోయాను. ఎలా బిగించాలో చెప్పే మూడో పేజీలో ఉంది ఆ వాక్యం. డబ్బాను గాలి ఆడే చోట పెట్టాలి, ఇంటి కప్పు కింద ఖాళీలో పెట్టరాదు. బిగించడం అయిపోయింది కదా అని నేను తెరవని పేజీ అది. సిగ్గుతో ఆగిపోయాను.

“మళ్లీ సదువు.”

చదివాను. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. “సూసినావా! నీ బుక్కు నాకన్నా ముందే సెప్పింది. మనం పది దినాలు తిరిగి తిరిగి దాని గుమ్మంలోకే వచ్చినాం.” గెలిచిన మనిషి నన్ను ఓడించకుండా, నా పుస్తకాన్ని గెలిపించాడు. ఆ మంచితనం అప్పుడు నాకు సగమే అర్థమైంది.

లైసెన్సు ఉన్న వయర్‌మన్‌ను పిలిచి డబ్బాను వంటింటి గోడ మీదికి, నీడలోకి మార్పించాం. వేడెక్కితే ఆపే భాగం దాని చోటనే ఉంది. స్విచ్ వేయబోతుంటే పెదనాన్న అమ్మకు కూడా డ్యూటీ అప్పగించాడు. “సారమ్మా, రోజూ ముందు కుడి సెయ్యి పెట్టి సూడాల. మెషీన్ని నమ్ము గానీ, సెయ్యి పెట్టినాకే నమ్ము.” ఆ సాయంత్రం అమ్మ తలుపు వేసుకుంది. నీళ్ల చప్పుడు ఆగకుండా వినబడుతోంది. నేను తలుపుకు చెవి ఆనించాను. ఆయన నా వెనక నిలబడి, గుసగుసలాడుతున్నాననుకుని, “ఆగిందేటి?” అని వీధి దద్దరిల్లేలా అడిగాడు.

“ఇద్దరూ పొండి ఇక్కణ్ణించి!” అని లోపలి నుంచి అమ్మ అరిచింది. నవ్వుతూ అరిచింది. ఆ తర్వాత ఆమె బతికిన ఆరేళ్లూ తన స్నానం తనే చేసుకుంది.

కరెంటు పని సర్టిఫికెట్‌కు నన్ను సాయంత్రం క్లాసుల్లో చేర్పించింది కూడా ఆయనే. వద్దు, నాకు వయసైపోయిందన్నాను. “బూడిద ఎత్తినాక పాసైనాను నేను. నీకేటి అడ్డం?” అన్నాడు. ఇప్పుడు ఆయన లేడు. నేను ఈ అపార్ట్‌మెంట్ల నిర్వహణ చూస్తున్నాను.

నిరుడు గేటు దగ్గర కాపలా ఉండే నేపాలీ ఆయన మీద ఫిర్యాదులు వచ్చాయి. రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా చోటు వదిలేస్తున్నాడని, పనిదొంగ అని, తీసేసి ఇంకొకర్ని పెట్టమని. కమిటీలో అందరూ ఒప్పుకున్నారు, సంతకం నాదే మిగిలింది. ఒక్క రోజు గడువు అడిగాను. మర్నాడు రెండు గంటలకు ఆయన్ను టీ తాగి రమ్మని పంపి, గేటు పక్కన ఆయన రేకు గదిలో, ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఎండకు రేకులు కాగి, మూడు దాటేసరికి రిజిస్టరులో అక్షరాలు ఈదడం మొదలుపెట్టాయి. మూడుంపావుకు లేచి బయటపడ్డాను. ఆయన ఎదుటి చెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. చూపు గేటు మీదే ఉంది.

కమిటీకి రెండే వాక్యాలు రాశాను. ఎవరైనా సరే మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఆ కుర్చీలో పావుగంట కూర్చోండి. ఆ తర్వాత సంతకం పెడతాను. ఎవరూ వచ్చి కూర్చోలేదు. నెలాఖరుకు గది మాత్రం చెట్టు కిందికి జరిగింది.