వంద కఫ్‌లు, ఒక్క చొక్కా

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరక్క అనేవారు. పద్నాలుగేళ్లుగా ఆమె కుట్టింది కాలర్లే. ఎడమవైపు నుంచి గుడ్డ ముక్కలు వచ్చేవి, కుట్టి కుడివైపుకి తోసేది. గంటకి నలభై. చేతులు ఎవరు అతుకుతారో, జేబులు ఎవరు వేస్తారో తెలుసు గాని, మొదటి నుంచి చివరిదాకా ఒక చొక్కా ఆమె చేతిలో ఏనాడూ తయారు కాలేదు.

కాలర్లు కుట్టే యంత్రం మూడు నెలల్లో వస్తోందని ఒక రోజు మేనేజరు ప్రకటించాడు. ఆ పని చేసే ఐదుగురినీ ప్యాకింగుకి మారుస్తారట. ప్యాకింగంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి అట్టపెట్టెలు మడవడం. కాలరక్క మోకాళ్లు గంటసేపు కూడా అందుకు ఒప్పుకోవు. సరిగ్గా ఆ వారమే శాంపిల్ గదిలో ఒక టైలరు మానేసింది. ఏ కొత్త రకం చొక్కా అయినా ముందు ఆ గదిలో ఒక్కటి కుడతారు. దాన్ని చూసి లైనులో వేలకొద్దీ కుడతారు.

భోజనాల వేళ కాలరక్క వెళ్లి ఆ గది చూసే శాంపిల్ మాస్టారు ముందు నిలబడింది.

"మంచి టైలర్ని కావాలని ఉంది మాస్టారూ."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "మా ఆవిడకీ సన్నబడాలని ఉంది, పెళ్లయిన దగ్గర్నుంచీ. ఏం కుడతావు, ఎంతసేపట్లో, ఏ తారీఖుకి? అది చెప్పు."

జవాబు కూడా ఆయనే చెప్పాడు. మూడు నెలల తర్వాత పరీక్ష. ఒక పూర్తి చొక్కా, నాలుగు గంటల్లో.

ఇంట్లో తొక్కుడు మిషను పక్క గోడ మీద ఆ తారీఖు సుద్దతో రాసుకుంది. ఆడపడుచు కూడా ఫ్యాక్టరీలో పక్క మిషను మీద కాలర్లే కుట్టేది. సంగతి విని, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమా అని నవ్వింది. "నేల విడిచి సాము చేస్తే నడుం విరుగుతుంది వదినా," అని హెచ్చరించింది కూడా.

పని ఎలా కొలవాలో కాలరక్కకి ఒకటే పద్ధతి తెలుసు, లెక్క. పాత దుప్పట్లు కత్తిరించి ముందు మణికట్టు దగ్గర వచ్చే కఫ్‌లు వంద కుట్టింది. తర్వాత వంద జేబులు. ఆపైన వంద చేతులు. పది కాగానే గోడ మీద ఒక గీత గీసేది. గీతలు పెరుగుతుంటే ధైర్యమూ పెరిగింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మంచం కింద పేరుకున్న గుట్ట చూసి, "చేతులొచ్చాయి, జేబులొచ్చాయి, మనిషెప్పుడొస్తాడు?" అని అడిగాడు.

ఎనిమిది వారాలు గడిచాక ఒక ఆదివారం అన్నీ కలిపి కుట్టబోయింది. కాలరు కంటే మెడ అరంగుళం పెద్దదైంది. మెడ లాగి సరిచేస్తే భుజం ముడత పడింది. భుజం వదిలితే చెయ్యి మెలితిరిగింది. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి. లైనులో ప్రతి ముక్కా ఇంకొకరు సరిచూసి పంపేవారు. ఒక కుట్టు తర్వాతి కుట్టుకి ఎంత గుడ్డ మిగల్చాలో తెలుసుకునే అవసరం ఆమెకి ఎప్పుడూ పడలేదు. మూడు వందల ముక్కలు కుట్టినా, గోడ మీది గీతల్లో చొక్కా ఒక్కటీ లేదు.

లేచి తడిగుడ్డతో గీతలన్నీ తుడిచేసింది. ఇక రోజు విడిచి రోజు ఒక చొక్కా. ఎంత వంకరగా వచ్చినా గుండీల దాకా పూర్తి చెయ్యాలి, పట్టిన సమయం గోడ మీద రాయాలి.

మొదటిదానికి తొమ్మిది గంటలు పట్టింది. భర్త దాన్ని పనికి వేసుకెళ్లాడు. చెయ్యెత్తినప్పుడల్లా చొక్కా అంతా పైకి లేచిందని, లిఫ్టుతో పాటు అదీ మేడెక్కుతోందని తోటివాళ్లు నవ్వారట. తప్పు చంక దగ్గరుందని కాలరక్కకి అలా తెలిసింది. ఐదోదానికి ఆరు గంటలు, పద్నాలుగోదానికి మూడు గంటల యాభై నిమిషాలు.

పరీక్షకి ఇద్దరే కూర్చున్నారు. రెండో ఆమె జేబుల మిషను మీద పనిచేసే కుర్రది, చేయి చురుకు. మూడు గంటలు దాటాక కాలరక్కకి తన చొక్కా కుడిచేతి వెనక చిన్న ముడత కనబడింది. గట్టిగా ఇస్త్రీ చేస్తే కనబడదు. పక్క బల్ల మీద ఆ అమ్మాయి తన చొక్కా ముడతని అలాగే ఇస్త్రీతో అణిచేస్తోంది. కాలరక్క గడియారం చూసింది, చెయ్యి మొత్తం విప్పేసి మళ్లీ కుట్టింది. నాలుగు గంటల పన్నెండు నిమిషాలైంది.

గడువులో ముగించింది ఆ అమ్మాయే కాబట్టి ఇంక చూసేదేముందని మేనేజరు అన్నాడు. మాస్టారు రెండు చొక్కాలూ నీళ్లలో ముంచి, పిండి, దులిపి చూపించాడు. ఆ అమ్మాయి చొక్కాలో ముడత తేలింది.

"దీన్ని చూసి లైనులో పదివేలు కుడితే పదివేల ముడతలు సార్. అన్నిటికీ మీరు ఇస్త్రీ పెడతారా?"

తర్వాత కాలరక్క వైపు తిరిగాడు. "నువ్వు సంబరపడకు. నాలుగు గంటలంటే నాలుగు గంటలే. నెలలో ఆ పన్నెండు నిమిషాలూ తగ్గించాలి. లేకపోతే అట్టపెట్టెలే."

ఇరవై రెండో రోజుకి తగ్గించింది.

ఆడపడుచు ప్యాకింగుకి వెళ్లింది. రెండు నెలలు వదినతో మాట కలపలేదు. ఒక ఆదివారం కాళ్లు వాచి వచ్చి మిషను ముందు కూర్చుని, ముందు కఫ్‌లు నేర్పమంది.

కాలరక్క ఆమె ఒళ్లో చొక్కాకి సరిపడా గుడ్డ వేసింది. "మొత్తం కుట్టు. ఎలా వస్తే అలా రానీ, మీ అన్నయ్య వేసుకుంటాడు."