అయిదు రెక్కల దీపం

కోరుట్లలో రేకు పని చేసే ఓదెలుకు ఒక జబ్బు ఉండేది. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా దాన్ని రేకుతో బాగుచేయొచ్చని నమ్మేవాడు. ఊరికి కరెంటు వచ్చి అతని కిరసనాయిలు చిమ్నీలను అడిగే దిక్కు లేకపోయినా దిగులు పడలేదు. నూనె డబ్బాలు కోసి బల్బులకు గొడుగులు చేయడం మొదలుపెట్టాడు. తరువాత సిరిసిల్ల మగ్గాలవాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చి చేయించుకున్న అతని దీపం మాత్రం ఇంటి కష్టం వల్లనే పుట్టింది.

అతని భార్య బాలమణి బీడీలు చేసేది. ఒక్కతే కూర్చుంటే ఆమెకు చేతులు ఆడవు. పొద్దుగూకగానే కొమురవ్వ, సరోజన, జమున, సమ్మవ్వ చాటలు పట్టుకొని వచ్చేవారు. నడుమ నేల మీద బల్బు, చుట్టూ అయిదుగురు, ఒళ్లో తునికాకు, నోట్లో ఊరి ముచ్చట్లు. ఆ రొదకు తల పగిలిపోతోందని ఓదెలు రోజూ విసుక్కునేవాడు.

అవి అడవుల్లోని నక్సలైట్ అన్నల కోసం పోలీసులు వాడవాడా గాలిస్తున్న రోజులు. ఒక సాయంత్రం జీపు గుమ్మం ముందే ఆగింది. తుపాకులు పట్టుకొని లోపలికి దూసుకొచ్చారు.

"మీటింగ్ ఎవలు పెట్టిన్రు? మిగిలినోళ్లు ఏడికి వోయిన్రు?" అని వాళ్లలో పెద్దాయన గద్దించాడు.

నేల మీది బల్బు ఆడవాళ్ల నీడలను గోడల మీద మనిషికి రెండింతలు చేసి నిలబెట్టింది. కిటికీలోంచి చూసినవాళ్లకు ఆ వంగిన తలలూ ఆడే చేతులూ తుపాకులు తుడుచుకుంటున్న దళంలా కనిపించాయట. చాటలు చూసి ఒక పోలీసు నవ్వాపుకోలేకపోయాడు. పెద్దాయన మాత్రం, "మల్ల గిట్ల గుంపు కనవడితే బాగుండది" అని చెప్పి వెళ్లాడు.

మర్నాటి నుంచి ఒక్కరూ రాలేదు. ఇల్లు బోసిపోయింది. బాలమణి చుట్టిన బీడీనే విప్పి మళ్లీ చుట్టేది. అన్నం కూడా సరిగా తినేది కాదు. ఎన్నాళ్లుగానో కోరుకున్న నిశ్శబ్దం దొరికాక, దాన్ని భరించడం ఓదెలుకు చేతకాలేదు.

"గోడ మీద నీడ వడకుంటే అస్తరా వాళ్లు?" అని అడిగాడు.

"ఎందుకు రారు? ఒక్కలే కూసుంటె వాళ్లకు మాత్రం పొద్దు వోతదా?"

అంతే, రేకు కత్తెర చేతికొచ్చింది. బల్బును దూలానికి కడితే గోడ మీద నీడ పోయింది గానీ, వంగిన తల నీడ ఎవరిది వాళ్ల చాటలోనే పడేలా ఉంది. దించితే నీడ మళ్లీ గోడ ఎక్కింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి బల్బును కూర్చున్న మనిషి గడ్డం ఎత్తున వేలాడదీసి, చుట్టూ రేకు తొడిగి, కింద మడతబందులతో అయిదు రెక్కలు బిగించాడు. ఒక్కో రెక్క విడిగా లేస్తుంది, వాలుతుంది. వెలుగు ఒడి దాటి మొహం దాకా ఎక్కకుండా ఎవరి రెక్క వాళ్లకు. పొడుగు మనిషి జమునకు కాస్త ఎత్తాలి, నడుము వంగిన కొమురవ్వకు దించాలి.

సరిచూద్దామంటే మనుషులేరి? ఓదెలు కుండ మీద కుండ పెట్టి, పైన తువ్వాల చుట్టి, నాలుగు చోట్లా నిలబెట్టాడు.

"గీమె కొమురత్తనా? అత్త గింత సక్కగ ఎన్నడన్న కూసుందా?" అని బాలమణి చాలా రోజుల తరువాత నవ్వింది.

ఆ సాయంత్రం ఆమె కుండల నడుమ కూర్చొని పని చేస్తుంటే, కొమురవ్వ తలుపు తోసుకొని వచ్చింది.

"కిటికీల ఎలుగే లేదు. పానం బాగలేదేమో అని అచ్చిన" అంటూనే ఆగిపోయింది. బాలమణి ఒడి నిండా వెలుగు ఉంది, గోడలు నల్లగా ఉన్నాయి.

కొమురవ్వ కాసేపు దీపాన్ని, కాసేపు కుండలను చూసింది. "గిండ్ల నేనేది?" అని అడిగి, బాలమణి చూపించిన కుండలను పక్కకు జరిపి, అక్కడే చతికిలబడింది. ఓదెలు ఆమె వైపు రెక్కను ఇంకాస్త దించాడు.

మర్నాడు కుండలన్నీ వంటింట్లోకి పోయాయి. కొమురవ్వ వెంట మిగిలిన ముగ్గురూ చాటలతో వచ్చారు. ఓదెలు వాడలోకి వెళ్లి, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతూ చూశాడు. గోడ మీద నీడ అన్నది లేదు. ఇంతలో జీపు వచ్చింది. కిటికీ ముందు నెమ్మదించి, సాగిపోయింది. ఓదెలుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. జీపు మలుపు తిరిగిందో లేదో, లోపల నుంచి పకపకా నవ్వులు వాడ చివరి దాకా వినిపించాయి.

అతను గాభరాగా లోపలికి పరుగెత్తాడు. "జర మెల్లగ నవ్వుండ్రి, చిన్నమ్మా. గీ దీపం చేసిందంత ఎందుకు మరి?"

"నవ్వుకు గూడ ఒక రెక్క చెయ్యి, కొడుకా" అంది కొమురవ్వ.

అందరికంటే గట్టిగా నవ్వింది ఓదెలే.