వెండి రంగు మొక్క

ఊరి పక్కన కరెంటు ప్లాంటు వచ్చినప్పటి నుంచి మా పెరట్లో ఆకులన్నిటి మీదా బూడిదే. మా అత్త రోజూ పొద్దున్నే తడిగుడ్డతో కరివేపాకు దగ్గర నుంచి మందారం దాకా తుడుస్తుంది. నేను కావలి నర్సరీ నుంచి వెండి రంగు ఆకుల సేజ్ మొక్క తెచ్చి నాటితే, దాన్నీ తుడవబోయింది.

"అది బూడిద కాదత్తా, దాని రంగే అంత. ముట్టుకోబాక," అని కసిరాను.

ఆమె మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆ రంగు ఆకు మీద బూడిద పేరుకుంటే నాకు మాత్రం ఏం కనపడుతుంది? వెండి రంగు ఏమాత్రం తగ్గలేదని మురిసిపోయాను. నెల తర్వాత కొమ్మ పట్టుకుంటే పుటుక్కున విరిగింది. ఎన్నాళ్లుగా చచ్చిన మొక్కకు నీళ్లు పోస్తున్నానో తెలియదు.

అత్త గుడ్డ పిండుకుంటూ వచ్చి, "ఇప్పుడన్నా తుడవమంటావా?" అంది.