అక్కకు పళ్ళు కావాలి

మా అక్కకు ముప్పై నాలుగేళ్ళు. మాట రాదు. ఆ వేసవిలో ఆమె అన్నం కంచం తోసేసి, అరచేత్తో ఎడమ చెంప మీద టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. రహమత్ నగర్‌లో మా వీధి డాక్టరు కోపం తగ్గడానికి మాత్రలు రాశారు. అవి వేసుకుని మగతగా పడి ఉండేది, మెలకువ వస్తే మళ్ళీ కొట్టుకునేది. ఒకరోజు ఆవలిస్తుంటే ఫోన్ లైటు వేసి చూశాను. దవడ పన్ను నల్లగా గుల్లయిపోయి ఉంది. కోపం కాదు, పంటినొప్పి.

నేను ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెబుతాను. స్టూడియోకి వెళ్ళే దారిలో, జూబ్లీహిల్స్‌లో అద్దాల తలుపుల డెంటల్ క్లినిక్ ఒకటి ఉంటే అక్కను అక్కడికి తీసుకెళ్ళాను. నోట్లో చిన్న అద్దం పెట్టబోగానే అక్క డాక్టరు చెయ్యి నెట్టేసి అరిచింది.

"ఇలాంటివాళ్ళకి కుర్చీలో చెయ్యలేమండీ," అన్నాడాయన గ్లవ్స్ తీసేస్తూ. "ఆస్పత్రిలో పూర్తి మత్తు ఇప్పించి దవడ పళ్ళన్నీ ఒకేసారి పీకించెయ్యండి. మళ్ళీ ఈ గొడవ ఉండదు."

"అన్నీ పుచ్చిపోయాయా?"

"అని కాదు. ఆవిడకి మెత్తగా కలిపి పెట్టొచ్చు కదా."

"మీ సొంత అక్కకైతే బాగున్న పళ్ళు పీకిస్తారా?"

ఆయన తర్వాతి పేషెంటును పిలిచాడు. అక్క చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

ఇంట్లో అమ్మది ఇంకో భయం. "మత్తిస్తే మళ్ళీ లేవకపోతే ఎలాగే? వద్దు, ప్రార్థన చేసుకుందాం."

"చేసుకో అమ్మా. ఆస్పత్రి మాత్రం నేను వెతుకుతాను."

నాలుగు చోట్ల కుదరదన్నారు. ఐదో చోట మత్తు డాక్టరే ఫోన్‌లోకి వచ్చింది. ఫిట్స్ వస్తాయా, ఏం మందులు వాడుతుంది, గురక పెడుతుందా అని ఓపిగ్గా అడిగింది. మగతగా ఉంచే తేలిక మత్తు ఇంత పనికి చాలదని, పూర్తిగా నిద్రపుచ్చి ముక్కులోంచి గొట్టం వేసి ఊపిరి అందిస్తామని చెప్పింది.

"బాగుచెయ్యగలిగిన పన్ను ఒక్కటి కూడా పీకకూడదండీ," అన్నాను.

"గట్లనే. పండ్ల డాక్టర్‌కు నేను చెప్త. ఫికర్ చేయకు."

మత్తిచ్చే రోజు పరగడుపున ఉండాలి కాబట్టి అక్కకు పొద్దున్నే మొదటి వంతు ఇచ్చారు. ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర నర్సు నన్ను ఆపింది. "అక్క నిద్రపోయేదాకా నేను కదలను," అన్నాను. ఆమె గొంతు పెంచింది, నేనూ పెంచాను. లోపలినుంచి మత్తు డాక్టరు వచ్చింది. "సిస్టర్, ఆమెకు గూడ గౌను ఇయ్యి. నువ్వు రా బిడ్డా," అని అక్కను పిలిచింది.

మాస్కు చూసి అక్క బిగుసుకుపోయింది. పిల్లల సీరియల్‌లో నేను చెప్పే ముసలి ఏనుగు గొంతంటే ఆమెకు ఇష్టం. ఖాళీ మాస్కు ముందు నా మొహానికి పెట్టుకుని ఆ గొంతుతో మాట్లాడాను. అక్క నవ్వి, దాన్ని తన మొహం మీదికి తనే లాక్కుంది. అప్పుడు మందు వదిలారు. నా వేళ్ళు పట్టుకున్న పట్టు మెల్లగా సడలింది. నేను బయటికి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను.

రెండున్నర గంటలు పట్టింది. రెండు పళ్ళు తీశారు, ఆరు బాగుచేశారు. మెలకువ వచ్చాక అక్క గంటసేపు ఏడ్చింది, చేతికున్న సెలైన్ సూది పీక్కుంది, నా భుజం రక్కింది. అమ్మ బెదిరిపోయి నా వైపు కోపంగా చూసింది. నేను తల దించుకోలేదు.

సాయంత్రం ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో 'రోగి సహకరించరు' అని ఉంది. తిరిగి లోపలికి, మత్తు డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"డాక్టరుగారూ, మాస్కు తనే పెట్టుకుంది. మీరు చూశారు."

ఆమె కాగితం తీసుకుని ఆ మాట కొట్టేసింది. 'చెల్లెలు పక్కనుంటే సహకరిస్తారు' అని రాసి సంతకం పెట్టింది.

చెంప మీద కొట్టుకోవడం వారంలో ఆగింది. నెల తిరక్కముందే అక్క నా చేతిలో చెగోడీ లాక్కుని కరకరా నమిలింది. మా పక్కింటావిడ మాత్రం ఇప్పటికీ, ఆ పిల్లకి అంత హంగామా అవసరమా అంటుంది. అవసరమేనండీ అంటాను, ప్రతిసారీ.