రైలు గేటు దగ్గర హాఫ్ క్లచ్

క్లచ్ ప్లేటు కాలిన వాసన ఎక్కడైనా ముక్కుకి తగిలితే నేను ఇప్పటికీ ముక్కు మూసుకుని పక్కకి తప్పుకుంటాను. రబ్బరూ వెంట్రుకలూ కలిపి పొయ్యిలో వేసినట్టుండే కంపు అది. పాత రోజులు గుర్తుకొస్తే కొందరికి వాన పడిన మట్టి వాసన వస్తుందట. నాకు వచ్చేది ఇదే. నరసరావుపేట రైలు గేటు దగ్గర, పత్తి బళ్ల వెనక, మా నాన్న కారులో కూర్చుని ఆ కంపును నేనే పుట్టించాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు.

మండలాలు వచ్చిన కొత్త. అప్పటికే చాలా ఏళ్లు ఊరి ప్రెసిడెంటుగా చేసిన మా నాన్న, మండలాధ్యక్షుడు కాకపోతే ఇక బతికి దండగ అనుకున్నాడు. అవతలి పార్టీ పెద్దమనిషికి కారుంది కాబట్టి మేమూ ఓ పాత అంబాసిడర్ కొన్నాం. దాన్ని నడపడానికి పేట నుంచి ఓ డ్రైవరు వచ్చాడు. మెకానిక్కుల కుటుంబానికి చెందిన ముస్లిం, యాభై దాటిన మనిషి. పాతికేళ్లు లారీ తోలి, నడుము పాడై మానేశాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. రోజూ మొదటి బస్సుకి మా ఊరొచ్చి, కారు కడిగి, మా అరుగు మీద కూర్చునేవాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. మేమిచ్చే జీతంతోనే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఒకరోజు నాన్న నన్ను గొడ్లపాక వెనక్కి పిలిచాడు.

“మన కార్లో అనుకున్న మాట తెల్లారేసరికి అవతలోళ్ల అరుగు మీద ఉంటంది. మనం ఎవురింటికి పోతన్నాం, ఎవుర్ని మనవైపు తిప్పుకుంటన్నాం, అంతా తెలిసిపోతంది వాళ్లకి. కార్లో ఉండేదెవురు? నేను, ఆ డ్రైవరు. నేనైతే చెప్పను గదా.”

“బాబాయ్ అట్టాంటోడు కాదు నాన్నా.”

“ఎట్టాంటోడో నాకనవసరం. డిగ్రీ అయిపోయి ఊరికే కూచున్నావ్. పది రోజుల్లో కారు నేర్చుకో. నువ్వు తోల్తే మాట ఇంట్లోనే ఉంటంది. నీకు వచ్చిందాకా ఆయనకేం చెప్పబాక.”

అంటే ఆయన నౌకరీ తీసేయడానికి ఆయన చేతే నాకు పాఠం చెప్పించాలి. వినగానే నాన్న మీద అసహ్యం వేసింది. వేసి ఏం లాభం? మర్నాడు పొద్దున్నే, ఏమీ తెలియని మొహం పెట్టుకుని, నాక్కూడా నేర్పు బాబాయ్ అని అడిగాను. ఆయన నా మొహం వంక ఓ క్షణం చూసి, తాళం తీసి చేతిలో పెట్టాడు.

నాకు ట్రాక్టరు వచ్చు. మా పల్నాడులో నాలుగెకరాలున్న ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ మీసాల కంటే ముందు ట్రాక్టరు వస్తుంది. దాంతోపాటు పొగరూ వస్తుంది. ట్రాక్టరు మీద కావలసిన గేరు ముందే వేసుకుని, చేతి యాక్సిలేటరు లాగిపెట్టి, క్లచ్ మీద నుంచి కాలు తీసేస్తే చాలు. బురదైనా బండ అయినా అదే గుంజుకుపోతుంది. ఆ కాలితోనే నేను కారెక్కాను. ఖాళీ రోడ్డు మీద రెండు రోజుల్లో నడిపేశాను కూడా. మూడోరోజు బాబాయ్, “ఇది తోలటం కాదు బాబూ. రోడ్డు ఖాళీగా ఉంది, పోతంది, అంతే. పేట గేటు కాడికి పోదాం పద,” అన్నాడు.

పత్తి సీజన్లో ఆ గేటు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చూడనివాళ్లు అదృష్టవంతులు. గేటు పడిందంటే పత్తి కుక్కిన బోరేలెత్తిన బళ్లు, ట్రాక్టర్లు, బస్సులు, రిక్షాలు, పాల క్యాన్ల సైకిళ్లు వచ్చి రోడ్డంతా నింపేసేవి. అవతలి వైపు కూడా ఇదే వరస. గేటు లేవగానే రెండు గుంపులూ ఎదురెదురుగా వచ్చి, పట్టాల మీద మొహాలు చూసుకుంటూ నిలబడిపోయేవి. ఎవడూ అడుగు వెనక్కి వేయడు. వేస్తే వాళ్ల ఊరి పరువు పోతుంది. పైగా పట్టాల దగ్గర రోడ్డు ఎత్తు. బెత్తెడు కదలాలి, ఆగాలి, మళ్లీ బెత్తెడు కదలాలి, వెనక్కి జారకూడదు.

నా ట్రాక్టరు కాలు క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేసేది. కారు కప్పలా ఎగిరి చచ్చేది. మళ్లీ స్టార్టు చేస్తే మళ్లీ చచ్చేది. చావకూడదని యాక్సిలేటరు గట్టిగా తొక్కితే కంపు లేచేది. ఓసారి వెనక్కి జారి, వెనకున్న ఎద్దుల బండి కాడిమానుకి తగిలాను. బండి మనిషి నన్ను కాదు, మా వంశాన్ని తిట్టాడు. పక్కనున్న బస్సులోంచి ఎవడో ఊసిన కిళ్లీ ఉమ్ము ముందద్దం మీద పడి కిందికి కారింది. కారు తోయడానికి పిలవకుండానే పదిమంది వచ్చేవారు. తోస్తూ సలహాలిచ్చేవారు. జన్మలో స్టీరింగు పట్టనివాళ్లే ఎక్కువ సలహాలిచ్చేవారు. ఆ జనం మీద, ఆ దుమ్ము మీద, చెమటకి తొడలకి అంటుకుపోయే ఆ రెక్సిన్ సీటు మీద నాకు పుట్టిన రోత ఇంతా అంతా కాదు.

బాబాయ్ మాత్రం గొంతు పెంచేవాడు కాదు.

“సగం వదులు. బండి సన్నగా వణుకుద్ది. ఆ వణుకు నీ కాలికి తెలవాల. అక్కడ ఆపి, యాక్సిలేటరు అద్దు. పూర్తిగా ఆగినప్పుడు న్యూట్రల్ చేసి కాలు తీసెయ్. ఆగిన బండిలో క్లచ్ మీద కాలు పెట్టుకుని కూచోబాక, ప్లేటు అరిగిపోద్ది.”

కొన్ని రోజులు నాన్న కూడా వెనక సీట్లో ఉండేవాడు. ఎన్నికల పని మీద రోజూ ఏదో ఊరు వెళ్లాలి కదా. గేటు దగ్గర ఆగగానే తన పక్క అద్దం దించేవాడు. ఎవరో ఒకరు వచ్చి కిటికీకి ఆనుకునేవారు. “దుమ్మొస్తంది, అద్దం ఎత్తమంటారా అయ్యా?” అని బాబాయ్ ప్రతిసారీ అడిగేవాడు. “ఓటరు ఎదురొస్తే అద్దం ఎత్తుకుంటారంటయ్యా ఎవురన్నా?” అని నాన్న కసిరేవాడు. వెనక వాళ్లేం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. నా చెవులు రెండూ ఇంజను మీదే ఉండేవి. ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు చస్తుందో అన్నదే నా భయం.

తొమ్మిదో రోజు మేమిద్దరమే వెళ్లాం. గేటు లేచింది. బెత్తెడు కదిలాను, ఆగాను. ఎత్తులో కారు వణుకుతూ, జారకుండా నిలబడింది. అరగంటలో పట్టాలు దాటాను. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు, కంపు రాలేదు. బాబాయ్ తల ఊపి, “బాగుంది. ఇంక నీ చెవులకి కాస్త తీరుబడి దొరుకుద్ది,” అన్నాడు. అదో రకం మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాన్నతో, “వచ్చేసింది,” అన్నాను.

నోరు మూసుకుని ఉండొచ్చు. కావాలని ఇంకో నెల కారుని చంపుతూ ఉండొచ్చు. ఎన్నికలు అయిపోయేవి, ఆయన నౌకరీ నిలిచేది. మొదటిరోజు ఆ ఆలోచన వచ్చింది కూడా. గేటు దాటిన సంబరంలో మాత్రం రాలేదు. నాన్న భుజం తడితే ఇకిలించాను. ఆ ఇకిలింపు తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

మర్నాడు బాబాయ్ బకెట్టులో నీళ్లు పట్టుకుంటుంటే నాన్న అరుగు మీద నుంచే చెప్పాడు, అబ్బాయి తోలతాడంట, ఇంక రానక్కర్లేదు అని. ఆయన కారు పూర్తిగా కడిగాడు. తాళం తెచ్చి నాన్నకి కాకుండా నాకిచ్చి, బస్సు స్టాపు వైపు నడిచాడు. నేను తాళం కేసే చూస్తూ నిలబడ్డాను.

వారం తిరక్కుండా మళ్లీ అదే గేటు. నాన్న వెనక, నేను ముందు. న్యూట్రల్ చేసి కాలు తీశాను. చేయడానికి ఏ పనీ లేదు. నాన్న అద్దం దించాడు. పక్కూరి రైతు ఒకాయన సైకిలు దిగి వచ్చి, “ఏంది ప్రెసిడెంటు గారూ, యాడనుంచి?” అన్నాడు.

“నీకు కాబట్టి చెబుతున్నా. కడుపులోనే పెట్టుకో,” అని నాన్న మొదలుపెట్టాడు. పొద్దున మేం ఎవరింటికి వెళ్లామో, ఆయన ఎన్ని ఓట్లు వేయిస్తానన్నాడో, రేపు ఎక్కడికి వెళ్తున్నామో అంతా చెప్పాడు. సైకిలాయన వెళ్లాక సోడాలమ్మేవాడు వచ్చాడు. “నీకు కాబట్టి,” అని వాడికీ అంతా చెప్పాడు. గేటు లేచేలోపు మూడో మనిషి వచ్చాడు. ఆయన అవతలి పార్టీ పెద్దమనిషికి వేలువిడిచిన బావమరిది. ఆయనకి ఇంకాస్త వివరంగా చెప్పాడు.

ముందు బండి కదిలింది. గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. కారు ఎగిరి చచ్చింది. వెనక హారన్లు మోగాయి.

“ఇంకా రాలేదంట్రా నీకు?” అన్నాడు నాన్న.

“మన మాటలు బయటపెట్టేది నువ్వే నాన్నా. ఇప్పుడే ముగ్గురికి చెప్పావ్.”

“వాళ్లు మనోళ్లురా.”

“బాబాయ్‌ని మళ్లీ పిలుద్దాం.”

“తీసేసినోణ్ణి పిలిస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టుగాదంట్రా? ఎన్నికల ముందు అదొకటా? బండి తియ్.”

నాన్నని ఆయన దిగాల్సిన చోట దించి, బాబాయ్ పనికి చేరాడని విన్న వాళ్ల బావమరిది మెకానిక్కు షెడ్డుకి వెళ్లాను. బాబాయ్ ఏదో జీపు కిందనుంచి నడుము పట్టుకుని బయటికొచ్చాడు. లారీ దిగినప్పుడు ఇంక ఇట్టాంటి పనులు నా వల్ల కావని చెప్పిన మనిషి. నేను విన్నదంతా చెప్పాను.

“నీకు ముందే తెలుసా బాబాయ్?”

“వచ్చిన కాణ్ణుంచి ఆయన ముందే గదా కూచుంది.”

“నాకన్నా చెప్పొచ్చుగా. నీ నౌకరీ పోయింది గదా.”

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. “కార్లో ఇన్నది కారు దిగి అనకూడదు. పాతికేళ్లు స్టీరింగు పట్టినోణ్ణి, అదొక్కటే నాకున్న పేరు. అద్దం ఎత్తమని రోజూ అడిగా. అంతకన్నా నేనేం చేస్తా?”

“నేనెందుకు నేర్చుకుంటున్నానో కూడా తెలుసా?”

“నువ్వు అడిగిన రోజే తెలుసు. అందుకే నిన్ను గేటు కాడికి తీసకపోయా. తోలటం వస్తే ఇంజను మీద చెవి పెట్టే పని ఉండదు. అప్పుడు నీ చెవులతో నువ్వే ఇంటావనుకున్నా.”

నేను తల ఎత్తలేదు.

“ఇంటావులే అని ధైర్యంగానే ఉన్నా బాబూ. నువ్వు ఇనకముందే వచ్చేసిందని చెప్పేశావ్.”

ఆయన మళ్లీ జీపు కిందికి దూరాడు. నేనొక్కణ్ణే తిరిగి వచ్చేటప్పుడు గేటు పడింది. గేరు తీయకుండా, బాబాయ్ వద్దన్న పనే చేస్తూ, క్లచ్ సగం తొక్కి అలాగే కూర్చున్నాను. గేటు లేచాక కారు ఒక పట్టాన కదల్లేదు. కాసేపటికి లోపలంతా కంపు నిండింది. అద్దం దించాలనిపించలేదు.